మిరపరాశిలో మందుశేషము: వర్తకుని పరీక్షకు ముందే మన పరీక్ష

గత పంటకాలమున మన సంఘము ఒక ఎగుమతి వర్తకునికి పంపిన మిరపలో ఒక రాశి తిరిగి వచ్చిన సంగతి సభ్యులందఱికిని విదితమే. కాయ ఎఱ్ఱగానే యున్నది, తాలు ఏరివేయబడినది, తేమ హద్దు మీఱలేదు. అయినను మందుశేషము హెచ్చుగా నున్నదను ఒక్క వాక్యముగల చీటితో టిక్కీలు మఱల మన గిడ్డంగికి చేరినవి. ఆ రాశిలో 11 మంది సభ్యుల సరకు కలిసియుండెను. దోషమెవరి కాయలో నున్నదో తెలియనందున 11 మందియు తక్కువ ధరకే అమ్ముకొనవలసి వచ్చెను. వారిలో ఇద్దఱు ముగ్గురు మందు చాల మితముగా వాడినవారని గ్రామమంతయు నెఱుగును. వారి నష్టమునకు సమాధానము చెప్పవలసిన భారము సంఘముమీద నున్నది.

నాటినుండి సంఘ కార్యాలయపు అరుగుమీద రెండు మాటలు వినబడుచున్నవి. యంత్రమనునది ధర తగ్గించుటకు వర్తకులు పన్నిన మాయ యని కొందఱనుచున్నారు. యంత్రము చెప్పినదానికి ఎదురాడుటకు మనమెంతవారమని మఱికొందఱు నిట్టూర్చుచున్నారు. ఏ మాట నమ్మినను ఫలమొక్కటే: చేతులు ముడుచుకొని కూర్చుండుట. ఆ యంత్రము ఏమి చేయునో, ఏమి చేయజాలదో రైతు తెలిసికొన్నచో దానిని తన పక్షమున సాక్షిగా నిలుపుకొనవచ్చునని మా దృఢాభిప్రాయము. అందులకే ఈ నెల ఈ విషయమును కొంత వివరముగా వ్రాయ సాహసించుచున్నాము.

ఆ పరీక్షకు గ్యాస్ క్రొమటోగ్రఫీ యని పేరు. గ్రీకు మాటలనుబట్టి క్రొమటోగ్రఫీ యనగా రంగుల వ్రాత; తెలుగున వాయు వర్ణలేఖనమందురు. ఈ విద్యకు పేరు పెట్టినవాడు పైరుపచ్చలను పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడగుట మనకు సంతోషదాయకము. రష్యా దేశీయుడగు మిఖాయిల్ త్స్వెత్ అను నాతడు వార్సా నగరమున పనిచేయుచు, ఆకులలోని రంగును ద్రావకమున కరగించి, సుద్దపొడి కూరిన గాజుగొట్టములో పైనుండి పోసెను. పైనుండి మఱల శుద్ధ ద్రావకమును పోయుచుండగా ఆకుపచ్చ రంగులు వేఱుగను, పసుపు రంగులు వేఱుగను పట్టెలు పట్టెలుగా విడివడి క్రిందికి దిగినవి. ఆతడీ సంగతిని 1903 లో విద్వత్సభయందు చెప్పి, 1906 లో ప్రకటించిన వ్యాసములలో దీనికి ఈ నామకరణము చేసెను.

ఇందలి కీలకమును మన పిల్లలు బడిలోనే చేసి చూడవచ్చును. ఒక సుద్దముక్కపై అడుగునకు కొంచెమెగువగా నల్లసిరాతో చుట్టును గీత గీసి, పళ్ళెములో కొద్దిగా నీరు పోసి, గీతకు నీరు తగులకుండునట్లు దానిని నిలువబెట్టవలెను. నీరు సుద్దలో మెల్లగా పైకి ప్రాకును. చాల సిరాలలో ఆ నలుపు ఒక్క రంగుగా మిగులదు. నీలము, ఎఱుపు, పసుపు మొదలగు రంగులుగా విడిపోవును. సుద్దను గట్టిగా పట్టుకొను రంగు వెనుకబడును. నీటితో సుఖముగా పోవు రంగు ముందు నడచును. ఒకటి పట్టియుంచును, మఱియొకటి లాగుకొనిపోవును. ఆ రెంటి నడుమ పదార్థములు విడివడును. శాస్త్రమంతయు ఈ ఒక్క సూత్రముమీదనే నిలిచియున్నది.

ఇంగ్లండునందలి లీడ్సు పట్టణమున ఉన్ని పరిశోధన సంస్థలో పనిచేసిన మార్టిన్, సింజ్ అను నిరువురు 1941 లో ఈ విద్యను మఱియొక మెట్టు పైకెక్కించిరి. లాగుకొనిపోవునది ద్రవమే కానక్కఱలేదనియు, వాయువైనను కావచ్చుననియు వారపుడే వ్రాసిరి. 1952 లో వారిరువురకును నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే మార్టిన్, జేమ్స్ అను సహచరునితో గూడి, లండనునందలి వైద్య పరిశోధన సంస్థలో ఆ మాటను నిజము చేసి చూపెను. వారు మొదట విడదీసినవి కొవ్వులకు సంబంధించిన ఆమ్లములు. నేతిలో కల్తీని పట్టుకొనుటకు నేడు వాడుక యగు పరీక్షలు ఆ త్రోవలో వచ్చినవే.

ఇపుడు మన మిరపకాయ ఆ యంత్రమునకెట్లు చేరునో చెప్పెదము. టిక్కీలనుండి తీసిన కాయలను మెత్తగా దంచి, ఆ పొడిలో కొన్ని గ్రాములను నీటితో తడిపి, ఎసిటోనైట్రైల్ అను ద్రావకముతో కలియగొట్టుదురు. పొడిలోని మందుశేషము ద్రావకములోనికి దిగును. నీటిని లాగివేయుటకు కొన్ని లవణములు చేర్చి, వేగముగా త్రిప్పి, పైకి తేలిన ద్రావకమును వేఱుచేయుదురు. 2003 లో ప్రకటితమైన ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. ఎండుమిరపలో ఎఱుపురంగును, నూనెలును మెండుగా నుండుటవలన ఆ ద్రావకము మిక్కిలి చిక్కగా నుండును. దానిని చక్కగా శుద్ధిచేయనిచో యంత్రము మలినమై లెక్క తప్పవచ్చును. పరీక్షచేయువారి ఓర్పు ఇచ్చటనే తెలియును.

అట్లు సిద్ధమైన ద్రావకములో ఒక మైక్రోలీటరును, అనగా నీటిచుక్కలో సుమారు 50 వ వంతును, సన్నని సూదితో యంత్రములోనికెక్కింతురు. అచ్చట సుమారు 250 డిగ్రీల వేడిమి యుండును. ద్రావకమును, అందలి మందును క్షణములో ఆవిరియగును. హీలియము వంటి నిష్క్రియ వాయువు ఆ ఆవిరిని ఒక సన్నని నాళములోనికి తోయును. సాధారణముగా ఆ నాళము పొడవు 30 మీటర్లు. లోపలి వెడల్పు మిల్లీమీటరులో నాలుగవ వంతు. దానిని కడియములవలె చుట్టి పొయ్యివంటి పెట్టెలో నుంతురు. నాళపు లోపలి గోడకు వెండ్రుక మందములో సుమారు 200 వ వంతు పలుచనగు పూత యుండును. త్స్వెత్ గొట్టములో సుద్ద చేసిన పనిని ఇచ్చట ఆ పూత చేయును.

తిరునాళ్ళకు ఒకే వేళ బయలుదేఱిన జనమును తలచుకొనుడు. అంగడి అంగడికి ఆగువారు ఆలస్యముగా గుడి చేరుదురు; ఎచ్చటను నిలువనివారు ముందు చేరుదురు. నాళములోని పదార్థములును అట్లే. తేలికగా ఆవిరియై పూతను అంటనివి ముందు బయటపడును. బరువైనవియు, పూతయందు మక్కువగలవియు వెనుక వచ్చును. పెట్టెలోని వేడిమిని క్రమముగా పెంచుచుండగా వెనుకబడినవియు కదలివచ్చును. ఒక్కొక్క మందు నాళమును దాటుటకు పట్టు కాలము, అదే నాళములో అదే వేడిమిలో అదే వాయువేగములో, ఎప్పుడును ఒక్కటే. ఆ కాలమే దానిని గుర్తించుటకు మొదటి ఆనవాలు.

నాళపు చివర కాచుకొనియుండునది శోధకము. 1957 లో జేమ్స్ లవ్‌లాక్ అను శాస్త్రజ్ఞుడు, మార్టిన్, జేమ్స్‌లు పనిచేసిన సంస్థలోనే, మిక్కిలి సూక్ష్మమైన శోధకమునొకదానిని కల్పించెను. నేడు వాడుకలోనున్న అట్టి శోధకములలో రేడియోధార్మికమగు నికెల్ రేకు ఉండును. అది వెలువరించు కణములవలన వాయువులో ఎలక్ట్రానులు పుట్టి సన్నని విద్యుత్తు నిలుకడగా ప్రవహించుచుండును. క్లోరిన్ గల మందు వచ్చినచో అది ఎలక్ట్రానులను పట్టివేయును, విద్యుత్తు తగ్గును, తగ్గిన మేరకు కాగితముమీద ఒక శిఖరము లేచును. డి.డి.టి., ఎండోసల్ఫాన్, సైపర్‌మెత్రిన్ వంటివి ఈ శోధకమునకు వెంటనే చిక్కును. ఎంత మందున్నదో తెలియుటకు, తెలిసిన పరిమాణముగల శుద్ధమైన మందును ముందుగా నడిపి, ఆ శిఖరముతో ఈ శిఖరమును పోల్చుదురు. తక్కెడలో పడికట్టు ఎట్టిదో ఇచ్చట ఆ శుద్ధమైన మందు అట్టిది.

ఆ తక్కెడ ఎంత సూక్ష్మమైనదో లెక్కతో చూపెదము. ఐరోపా సమాఖ్యలో ఏ మందుకైన ప్రత్యేకమైన హద్దు నిర్ణయింపబడనిచో కిలోకు 0.01 మిల్లీగ్రాము అను హద్దు వర్తించును. అనగా పది కోట్ల వంతులలో ఒక వంతు. 40 కిలోల టిక్కీలు 250 చేరినచో 100 క్వింటాళ్ళు. ఆ 100 క్వింటాళ్ళ రాశియంతటిలోను ఒక గ్రాములో పదవ వంతు మందుండినచో ఆ హద్దునకు సరిపోవును. నాలుగు కిలోల పండుమిరప ఎండి ఇంచుమించు ఒక కిలో యగును. నీరు పోవును గాని మందు చాలవఱకు నిలుచును. అందుచేత ఎండుమిరపకు హద్దు కట్టునపుడు తగ్గిన బరువును గణనలోనికి తీసికొందురు. మన వద్ద వాడుకలో నుండిన మందు అచ్చట హద్దు దాటుట సులభము. క్లోర్‌పైరిఫాస్ అను మందుకు ఐరోపా సమాఖ్య 2020 లో అనుమతిని పొడిగింపలేదు. మన దేశముననే ఎండోసల్ఫాన్ 2011 లో సుప్రీముకోర్టు ఆజ్ఞచే నిలిచిపోయినది. ట్రయజోఫాస్ 2020 డిసెంబరు 31 తో నిషిద్ధమైనది. గిడ్డంగి మూలనున్న పాత సీసాను ఖర్చుచేసికొందమనుకొను సభ్యుడు ఈ తేదీలను జ్ఞాపకముంచుకొనవలయును.

ఇంతటి యంత్రమును మాయ యనుట న్యాయము కాదు. అయినను అది చెప్పిన ప్రతిమాటయు తుదిమాట యనుటయు న్యాయము కాదు. దాని హద్దులను మనమెఱుగవలెను.

మొదటిది: రెండు వేఱు పదార్థములు ఒకే కాలమున నాళమును దాటవచ్చును. కావున కాలమొక్కటే చాలిన సాక్ష్యము కాదు. మంచి పరీక్షాశాలలు నాళము చివర ద్రవ్యరాశి వర్ణమాపకమును కూర్చుదురు. అది వచ్చిన పదార్థమును ఎలక్ట్రానులతో కొట్టి ముక్కలు చేసి ఆ ముక్కల బరువులను తూచును. ముక్కలు పడు తీరు ఒక్కొక్క పదార్థమునకు వేలిముద్రవంటిది. కాలమును, వేలిముద్రయు రెండును కలిసినపుడే ఇది ఫలాని మందని నమ్మదగును.

రెండవది: ఆవిరి కానిదియు, వేడికి చెడిపోవునదియు ఈ యంత్రమునకు చిక్కదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులను, బూజువలన పుట్టు అఫ్లటాక్సిన్ విషమును సాధారణముగా ద్రవముతో నడచు మఱియొక యంత్రములో పరీక్షింతురు. కావున ఈ ఒక్క పరీక్షలో నిలిచినంతమాత్రమున సరకు సర్వవిధముల శుద్ధమని చెప్పరాదు.

మూడవది: ఏ కొలతయైనను కొంత హెచ్చుతగ్గులతో కూడియే యుండును. మందుశేషముల విషయమున ఐరోపా పరీక్షాశాలల మార్గదర్శక నియమములు ఆ హెచ్చుతగ్గులను సామాన్యముగా 50 శాతముగా గ్రహించుచున్నవి. హద్దు 0.01 గా నుండి ఫలితము 0.012 వచ్చినపుడు దానిని హద్దు దాటినదిగా అధికారులు నిర్ణయించుటకు ముందు ఈ 50 శాతమును తీసివేసి చూతురు. ఫలితము 0.2 వచ్చినచో వాదమునకు తావులేదు. మనకు వచ్చిన చీటిలో అంకెయే లేదు. అంకె లేని తీర్పును మనమెట్లు పరిశీలింపగలము?

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. 100 క్వింటాళ్ళ రాశినుండి యంత్రములోనికి పోవునది చుక్కలో 50 వ వంతు. ఆ కొద్దిపాటి మచ్చు రాశియంతటికిని ప్రతినిధి కానిచో, యంత్రమెంత గొప్పదైనను ఫలమేమి? రాశి అంచుననున్న ఒక్క టిక్కీలో చేయిపెట్టి తీసిన పిడికెడు కాయ ఆ టిక్కీ సంగతి చెప్పును గాని రాశి సంగతి చెప్పదు. వేఱువేఱు టిక్కీలలో పైనను, నడుమను, అడుగునను తీసి, ఒకచోట కుప్పగా పోసి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములను ఉంచి మిగిలినవి తీసివేయుచు, మఱల కలిపి, ఇట్లే తగ్గించుకొనుచు పోవలయును. ధాన్యమును చూపుటకు మన పెద్దలు రాశి నలువైపుల చేయి పెట్టెడివారు. అందులోని న్యాయమే ఇదియు.

ఇక మన తప్పులను దాచుకొనము. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపతోటలపై విరుచుకుపడినపుడు, పువ్వు నిలుచునో నిలువదో యను భయముతో రైతులనేకులు మందుమీద మందు కొట్టిరి. ఆ భయమును మేమెఱుగుదుము. ఆ వేళ తోటలో నిలిచిన వానిని తప్పుపట్టుట సులభము. కాని ఆనాటి అలవాటు పురుగు తగ్గిన పిమ్మటను మిగిలినది. రెండు మూడు మందులు కలిపి కొట్టుట, సీసా చీటిపైనున్న మోతాదును మీఱుట, చివరి పిచికారికిని కోతకును నడుమ విడువవలసిన దినములను విడువకుండుట, ఈ మూడింటి ఫలమే కాగితముమీద శిఖరమై లేచుచున్నది.

కొట్టని మందు కాయలో కనబడుటయు కలదు. పత్తికి కొట్టిన డబ్బాను కడుగక మిరపకు వాడుట, ప్రక్క చేనినుండి గాలికి తుంపర వచ్చుట, మందుసంచులతో టిక్కీలను చేర్చి నిలువచేయుట ఇందుకు కారణములు. వీటికంటె క్రూరమైనది మఱియొకటి కలదు. జీవసంబంధమైన మందని పేరు పెట్టి, లోపల రసాయనిక విషమును కలిపి అమ్మువారు లేకపోలేదు. రసాయనము వద్దని హెచ్చు వెలపెట్టి కొన్న రైతు ఆ విషమునే తన చేతితో తన పంటపై చల్లుకొనును; పరీక్షలో దొరికినపుడు అబద్ధికుడనిపించుకొనును. అట్టివానిని రక్షింపగలది ఈ పరీక్షయే. ఏలయనగా సీసాలోని ద్రవములో చాల విషములను ఈ యంత్రమే బయటపెట్టగలదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టముననుసరించి మచ్చులు తీయుటకు అధికారులును, పరీక్షించుటకు ప్రభుత్వ పరీక్షాశాలలును కలవు. అనుమానము కలిగినపుడు సీసాను పాఱవేయక, కొనిన రశీదుతో గూడ వ్యవసాయాధికారి యొద్దకు తీసికొనిపోవలయును.

కావున రానున్న సర్వసభ్య సమావేశమున ఈ నాలుగు నియమములను అంగీకరింపవలసినదని మా సూచన.

ఒకటి, మిరప వేయు ప్రతి సభ్యుడును ఒక పిచికారి పుస్తకమునుంచవలెను. తేదీ, మందు పేరు, సీసాపైని బ్యాచి సంఖ్య, మోతాదు, కోత తేదీ అందు వ్రాయవలయును. వ్రాయరాని సభ్యునికి సంఘ గుమాస్తా వ్రాసిపెట్టవలయును.

రెండు, ఎవరి సరకును పరీక్షకు ముందు మఱియొకరి సరకుతో కలుపరాదు. ప్రతి సభ్యుని కల్లమునుండి మచ్చు తీసి మూడు భాగములుగా చేసి ముద్రవేయవలెను. ఒకటి పరీక్షాశాలకు, ఒకటి సభ్యునికి, ఒకటి సంఘమునకు. వివాదము వచ్చినపుడు ఆ మూడవ భాగమే మనకు ఆధారము. గుంటూరులో స్పైసెస్ బోర్డువారి పరీక్షాశాల కలదు, ఐ.ఎస్.ఓ. 17025 ప్రమాణముననుసరించి గుర్తింపు పొందిన ఇతర పరీక్షాశాలలును కలవు.

మూడు, సరకును త్రిప్పిపంపు వర్తకుడు మందు పేరు, అంకె, హద్దు, పరీక్షించిన యంత్రము, మచ్చు తీసిన విధము తెలుపు పూర్తి నివేదికను ఇయ్యవలయునని అమ్మకపు పత్రముననే వ్రాయించుకొనవలెను. ఈ షరతుకొప్పుకొనని వర్తకునికి మన సరకు ఇయ్యకుండుటయే మేలు.

నాలుగు, పరీక్షలో దోషము తేలిన సభ్యుని పేరును బోర్డుమీద వ్రాయరాదు. ఆతని పిచికారి పుస్తకమును తెచ్చుకొని, కారణము ఎచ్చటనున్నదో ఆతనితో కూర్చుండి చూడవలయును. ఆతని సరకును వేఱుగా అమ్మిపెట్టవలయును. సిగ్గునకు వెఱచినవాడు పుస్తకములో నిజము వ్రాయడు. నిజము లేని పుస్తకము మనకు నిరుపయోగము.

ఖర్చు మాటేమని అడుగువారుందురు. సత్యము, పరీక్షకు రుసుము తక్కువ కాదు, సన్నకారు రైతు ఒంటరిగా భరింపజాలడు. కాని సహకార సంఘము పుట్టినదే ఒంటరిగా భరింపజాలని దానిని కలిసి భరించుటకు గదా! పరీక్ష రుసుమును టిక్కీకి ఇంతయని అందఱిమీద పంచినచో ఒక్కొక్కరికి తగులునది స్వల్పము. గత పంటకాలమున 11 మంది ధరలో పోగొట్టుకొనిన మొత్తమును కార్యదర్శిగారు సమావేశమున సభ్యులయెదుట నుంచి, దానిని పరీక్ష రుసుముతో పోల్చి చూపవలసినదని కోరుచున్నాము. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన చూచిన పిమ్మట ఎక్కువ వాదముండదని మా నమ్మకము.

మిరపను తినువాడు ఐరోపాలోనే లేడు. తిరిగి వచ్చిన ఆ రాశి చివరకు మన అంగళ్ళకే పోయినది. మన పిల్లల పచ్చడిలోనికే చేరినది. పరాయి దేశపు హద్దుకొఱకే మనము జాగ్రత్తపడుదుమనుట మనకు గౌరవము కాదు. మితముగా మందు వాడిన రైతు ఇంతవఱకు తన మాట తప్ప వేఱు సాక్ష్యము లేక నష్టపోవుచుండెను. ఇపుడాతనికి సాక్ష్యము దొరకు దారి యున్నది. ఆ దారికి తలుపు తీయవలసినది సంఘము.

ఈ విషయమై సభ్యులు తమ అభిప్రాయములను, అనుభవములను సమావేశమునకు పూర్వమే వ్రాసి పంప ప్రార్థితులు. మా సూచనలలో లోపమున్నచో నిస్సంకోచముగా తెలుపవలసినదని వేడుచున్నాము.